కడకు ఎవరున్నరు?

పొయ్యి మీంచి అన్నం కుండ దించగానే మా నాయిన అడిగే మాట ఒక్కటే: "కడకు ఎవరున్నరు?" అందరికంటే చివర తినేవాళ్లు ఎవరు, వాళ్ల పాలు తీసి పెట్టారా అని దానర్థం. మా ఇంట్లో కడకు తినేది ఎప్పుడూ అమ్మే. ఆమె పాలు ముందు మూకుట్లోకి తీసి, పైన ఇంకో మూకుడు బోర్లించి, ఉట్టి మీద పెడితే తప్ప ఆయన పీట మీద కూర్చునేవాడు కాదు. అమ్మకు ఇది సిగ్గుగా ఉండేది. "ఊరోళ్లు ఇంటె నవ్వుతరు" అనేది. ఆయన వినేవాడు కాదు.

ఆ మాట మా వంటింట్లో పుట్టింది కాదు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కాలువ మీద పుట్టింది. మా నాయిన నీరటి.

నీరటి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. చెప్తే, నీళ్ల ట్యాంకు మోటారు వేసే మనిషా అని అడుగుతారు. చెరువు తూము తెరవాలన్నా మూయాలన్నా నీరటే. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసి, మడవ తిప్పి, కట్ట మీద గండి పడకుండా రాత్రీ పగలూ కాచేది కూడా అతనే. నెల జీతమంటూ లేదు. పంట కోతలయ్యాక కల్లాల కాడికి పోతే రైతులు కొలిచిచ్చే మేర వడ్లే కూలి. మా తాత ఈ పనే చేశాడు, తాత తండ్రీ ఇదే చేశాడు. మా నాయిన చేతిలో నాకు గుర్తున్నవి మూడే: పార, చేతికర్ర, కందిలి. వానాకాలంలో వాటికి తోడు నెత్తిమీద గొంగడి కొప్పెర.

ఆయన ఇంట్లో పడుకున్న రాత్రులు ఏడాదిలో లెక్కపెట్టొచ్చు. అయినా మాకు తండ్రి ఇంట్లో లేడన్న వెలితి ఏనాడూ తెలియలేదు. అదెలాగో రాయడానికే ఇది మొదలుపెట్టాను.

మా ఊరు ఇబ్రహీం కుతుబ్ షా పేరుమీద వెలిసింది. 1550 నుంచి 1580 దాకా గోల్కొండ ఏలిన ఆ సుల్తాను, రాజు కాకముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితం ఇచ్చాడు. పెద్ద చెరువు కూడా ఆయన కాలానిదే అంటారు. ఇవన్నీ నేను పెద్దయ్యాక పుస్తకాల్లో చదివిన సంగతులు. నాయినకు సుల్తాను సంగతి అక్కర్లేదు. ఆయనకు చెరువు వయసు తెలియదుగానీ, చెరువు ఒళ్లు తెలుసు. కట్ట ఎక్కడ మెత్తగా ఉంది, ఎక్కడ ఎండ్రకాయలు బొరియలు చేస్తాయి, ఏ మూలన గాలి అలలు రాళ్లను కదిలిస్తాయి, అన్నీ అరికాళ్లకే తెలిసేవి. చెప్పులు వేసుకుని కట్ట ఎక్కేవాడు కాదు. అది కట్ట మైసమ్మ మీద భక్తి అనుకునేవాళ్లు జనం. భక్తి ఉంది. దాంతోపాటు, చెప్పులుంటే తడి తెలియదు కదా.

తూము దగ్గర నీళ్లలోకి దిగే రాతి మెట్లుండేవి. వాటి పక్క రాయి మీద ఉలితో కొట్టిన అడ్డగీతలు ఏడు. తాత కొట్టాడో, అంతకుముందు వాళ్లో. నాకు లెక్కలు వచ్చింది ఆ గీతల మీదే. పొద్దున్నే నాయినకు సద్ది తీసుకుని పోతే, గిన్నె అందుకోకముందే "ఎన్నో గీత?" అని అడిగేవాడు. నేను మెట్లు దిగి, నీళ్లు ఏ గీతను తాకాయో చూసి చెప్పేవాణ్ని. మూడో గీత దాటితే ఆబికి ఢోకా లేదు. కార్తీకంలోనూ ఐదో గీత మునిగి ఉంటే తాబికి కూడా నాట్లు వేయొచ్చు. వానాకాలం వరిని మా దగ్గర ఆబి అని, ఎండాకాలం వరిని తాబి అని అంటారు. తాబికి ఎన్నెకరాలు నాటాలో తేల్చడానికి కట్ట మీద చింతచెట్టు కింద పటేలు, పట్వారీ, పెద్ద రైతులు కూర్చునేవాళ్లు. నాయిన కొంచెం దూరంగా నిలబడేవాడు. అంతా మాట్లాడుకుని చివర ఆయన వైపు చూసేవాళ్లు. ఆయన "గింతకు సాల్తయి" అంటే అంతే. దస్తావేజుల మీద సంతకం పెట్టే చదువు లేని మనిషి మాట మీద వందల ఎకరాల నారు పోసేవాళ్లు.

నీళ్లు నిండుగా ఉన్న ఏడు నీరటి పని ఎవరైనా చేస్తారు. తెలివి కావాల్సింది తక్కువ పడ్డప్పుడు. కాలువ తలకాడ మడి ఉన్నవాడు ఎప్పుడూ బలవంతుడే. భూమి కూడా మంచిది, నీళ్లు ముందు తగిలేదీ అక్కడే. కాలువ పోను పోను మడులు చిన్నవవుతాయి, మనుషులూ చిన్నవాళ్లవుతారు. కడన ఉండేది ముసలమ్మలు, మొగుడు పోయిన ఆడవాళ్లు, అర ఎకరం వాళ్లు. పైవాళ్లు తడుపుకున్నాక మిగిలితేనే కిందికి అనేది అంతటా నడిచే పద్ధతి. మా నాయిన కరువు ఏడు దాన్ని తిరగేశాడు. తూము ఎత్తగానే దారిలోని మడవలన్నీ మూసి, నీళ్లను ఏకంగా కడ మడికి నడిపించేవాడు. అక్కడినుంచి ఒక్కొక్క మడి తడుపుకుంటూ పైకి వచ్చేవాడు. "తల మడి ఎట్లయినా తాగుతది. కాలువల ఊటకే సగం తడుస్తది. కడ మడికే ఎవ్వలు లేరు" అనేవాడు. రాత్రిళ్లు వంతులు చుక్కల లెక్కన నడిచేవి. పిల్లలకోడి నడినెత్తికి వచ్చేదాకా ఒకరికి, వేగుచుక్క పొడిచేదాకా మరొకరికి. గడియారం చేతికి పెట్టుకున్న రైతు ఒకాయన ఉండేవాడు. ఆయన కూడా చుక్కల లెక్కనే ఒప్పుకునేవాడు.

దీనికి తిట్లు తిన్నాడు. ఒకసారి దెబ్బ కూడా తిన్నాడు. ఎవరు కొట్టారో మాకు చెప్పలేదు. మోచేయి వాచి వచ్చి, "మడవ తిప్పంగ జారిన" అన్నాడు. అమ్మ పసుపు, సున్నం ఉడికించి పట్టు వేస్తూ ఏమీ అడగలేదు. ఆ రాత్రి కూడా పోయాడు.

తూము సంగతి చెప్పాలి. తర్వాత ఇనుప షట్టరు, తిప్పే చక్రం వచ్చాయిగానీ, పాత తూముకు నీళ్ల అడుగున కర్ర మూత ఉండేది. ఒండ్రు పేరుకుని అది బిగుసుకుపోతే నీరటి ఊపిరి బిగబట్టి మునిగి, చేతులతో ఒండ్రు తీసి కదిలించాలి. మూత కదిలిందంటే నీళ్లు ఒక్క ఊపున లోపలికి లాగుతాయి. ఆ లాగుడులో పోయిన నీరట్ల కథలు ప్రతి చెరువుకూ ఉన్నాయి. నాయిన మునిగే ముందు నడుముకు తాడు కట్టుకుని, ఇంకో కొస నా చేతికి ఇచ్చేవాడు. పన్నెండేళ్ల వాణ్ని, ఆయన్ని లాగగలనా? ఆ మాటే అడిగితే, "నువ్వు లాగుడు కాదు బిడ్డా, నువ్వు పట్టుకున్నవని నాకు ఎరుకుంటే సాలు" అన్నాడు.

ఇప్పుడు ఆ వాన రాత్రి.

నేను ఏడో తరగతిలో ఉన్నాను. మూడు రోజులుగా ముసురు, నాలుగో రోజు కుండపోత. ఫిరంగి నాలా నిండి వస్తోందని కబురు. షాబాద్ దిక్కున చందనవెల్లి కాడ మొదలై, దారిలో ఎన్నో చెరువులు నింపుకుంటూ మా పెద్ద చెరువుదాకా వచ్చే కాలువ అది, నిజాం కాలంలో తవ్వించింది. మామూలు ఏళ్లలో నాలా నీళ్లు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసేవాళ్లం. ఆ రాత్రి మాత్రం రావద్దని మొక్కుకున్నాం. ఏడో గీత మునిగింది. అలుగు దుంకుతున్న చప్పుడు మా వాడదాకా వినిపిస్తోంది. ఇంట్లో చిన్న చెల్లెకు జొరం. ఏడాది కూడా నిండలేదు. ఒళ్లు పెనంలా కాలుతోంది, పాలు తాగడం లేదు.

కట్ట నుంచి మా ఇల్లు మైలు దూరం ఉంటుంది. ఆ రాత్రి నాయిన నాలుగుసార్లు ఇంటికి వచ్చాడు. వచ్చినప్పుడల్లా తడి గొంగడి గడప బయట విప్పి, నేరుగా పొయ్యి దగ్గరికి పోయి రెండు అరచేతులూ కాచుకునేవాడు. చేతులు వేడెక్కాకే చెల్లె అరికాళ్లు ముట్టుకునేవాడు. చల్లటి చేయి తగిలితే పసిది ఉలిక్కిపడుతుందని. ఓ నిమిషం అలాగే పట్టుకుని, అమ్మకేసి చూసి, మళ్లీ గొంగడి కప్పుకుని పోయేవాడు. అమ్మ "పోకు" అనలేదు. "జెర ఉండు" అని మాత్రం మూడోసారి వచ్చినప్పుడు అంది. ఆయన ఉన్నాడు. పొయ్యిలో ఒక కట్టె కాలేంతసేపు.

నాలుగోసారి నన్ను కందిలి పట్టుకుని వెంట రమ్మన్నాడు. తూముకు కుడిపక్కన, కట్ట వెనక అడుగున, నీళ్లు ఊరుతున్నాయి. దీపం కిందికి దించమన్నాడు. నీళ్లను దోసిట్లోకి తీసుకుని చూశాడు. ఊట తేటగా వస్తే భయం లేదు, ప్రతి మట్టికట్టా కొంత చెమరుస్తుంది. ఎర్రగా వస్తే మాత్రం కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టు. ఆ నీళ్లు ఎర్రగా ఉన్నాయి. బుంగ పడింది.

ఇలాంటి బుంగలకు ఎంత శక్తి ఉందో తర్వాత చదివి తెలుసుకున్నాను. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు హైదరాబాదును ముంచింది నది ఒక్కటే కాదు. ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని, ఒకటి తెగి కిందిదాన్ని, అది తెగి ఇంకోదాన్ని తోసుకొచ్చాయని, ఆ వరద మీద పనిచేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య కాలపు లెక్కలు చెప్తాయి. మా తాత ఆ వరద కథ చెప్తూ, "ఎన్ని చెర్ల కాడ నీరటోళ్లు నిద్రపోయిండ్రో" అనేవాడట. తప్పు నీరటిది కాకపోవచ్చు, ఆ వానకు ఎవరు ఆగగలరు? కానీ ఆ మాట మా ఇంట్లో మూడు తరాలు నిద్ర పోనివ్వలేదు.

నాయిన కట్ట ఎక్కి చెరువులోకి దిగాడు. బుంగ నోరు నీళ్ల వైపు ఎక్కడుందో పైకి కనిపించదు. నడుము లోతులో నిలబడి, కాలితో కట్టను తడుముకుంటూ పక్కకు పక్కకు జరిగాడు. ఒకచోట ఆగి "గుంజుతుంది" అన్నాడు. గడ్డి మోపు అడిగాడు. తెచ్చి పెట్టుకున్న మోపు ఒకటే ఉంది, ఇచ్చాను. మునిగి కుక్కాడు. సరిపోలేదు. పైకి తేలి, గట్టు మీదున్న గొంగడి చూపించాడు. నేను సంశయించాను. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క గొంగడి, కురుమ వాళ్ల దగ్గర రెండేళ్ల మేర వడ్లలో మిగిల్చి నేయించుకున్నది. "ఇయ్యి బిడ్డా" అన్నాడు. దాన్ని చుట్టచుట్టి, మునిగి, బుంగ నోట్లో దూర్చి, మీద బంకమట్టి తొక్కాడు. ఈలోగా కేకలకు ఊళ్లోంచి మనుషులు ఇసుక సంచులతో వచ్చారు. తెల్లారేసరికి ఊట తేటబడింది.

ఇంటికి వచ్చేసరికి చెల్లె పాలు తాగుతోంది. ఆయన పొయ్యి దగ్గర కూర్చుని, అరచేతులు కాచుకుంటూ, అలాగే ఒరిగి నిద్రపోయాడు. ఆ చలికాలమంతా అమ్మ పాత చీరలు కుట్టిన బొంత కప్పుకునే కట్ట కాచాడు.

ఆ వారంలోనే జరిగిన ఇంకో ముచ్చట. కట్ట నిలిచినందుకు సంతోషించి, తలకాడి మడుల రైతు ఒకాయన నాయినను పిలిచి బువ్వ పెట్టించాడు. నేనూ పోయాను. వాకిలి బయట, పశువుల కొట్టం పక్కన కూర్చోబెట్టారు. తిన్నాక నీళ్లడిగితే, ఇంటావిడ పైనుంచి పోసింది, నాయిన వంగి దోసిట పట్టి తాగాడు. ఊరి బావిలో మావాళ్లు చేద వేయకూడదని నాకు అప్పటికే తెలుసు. కానీ ఊరు ఊరంతటికీ నీళ్లు పంచే చేతులు అలా దోసిలిగా మారడం ఆ రోజే చూశాను. ఆ దృశ్యం ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆయన దాని గురించి ఎప్పుడూ ఒక్క మాట మాట్లాడలేదు. మరుసటేడు మేర వడ్లు అమ్మి, పట్నం పోయి, బేగంబజార్‌లో ఇత్తడి చెంబు కొనుక్కొచ్చాడు. మెడకు తాడు కట్టి భుజాన వేసుకునేవాడు. చెరువు నీళ్లు ముంచుకుని అవే తాగేవాడు. ఇక ఎవరి వాకిట్లోనూ దోసిలి పట్టలేదు. ఆ చెంబు ఇప్పుడు చెల్లె దగ్గర ఉంది.

పగటిపూట, కాలువలో నీళ్లు లేని నెలల్లో, ఆయన మా సొంతం. పంటలు కోశాక మమ్మల్ని రాచకొండ గుట్టల దిక్కు తీసుకుపోయేవాడు. పొద్దు పొడవకముందే బయలుదేరి, తోవలో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని, ఎండెక్కేసరికి గుట్టల నీడ చేరేవాళ్లం. పరికి పండ్లు, తునికి పండ్లు, చలికాలం మొదట్లో అయితే సీతాఫలాలు. కన్ను విచ్చిన కాయ ఏదో ఆయన దూరం నుంచే చెప్పేవాడు. చెట్టుకు కొన్ని వదిలేయాలి, అవి పిట్టలవి. కుందేలు పోయిన జాడ, పంది తవ్విన జాడ, నక్క తిరిగిన జాడ నేల మీద చూపించి చదివించేవాడు. మా అక్కకు ఆ చదువు నాకంటే బాగా వచ్చింది. మోదుగాకులు కోసి, కట్ట కట్టి తెస్తే అమ్మ విస్తర్లు కుట్టేది.

బతుకమ్మ రోజులొస్తే ఆయనకు వేరే పని ఉండదు. ఎంగిలిపూల నాడు చీకట్లోనే లేచి గుట్టల అంచుకు పోయి తంగేడు, గునుగు మోపు కట్టుకొచ్చేవాడు. ఆడపిల్లలకు కలువలు కావాలంటే చెరువులో దిగేవాడు. తంగేడు అమ్ముకునే రోజులు కావవి. మా వాడలో తండ్రి లేని ఆడపిల్లలున్న ఇళ్లు మూడుండేవి. పువ్వుల మోపు ముందు ఆ మూడు గడపల్లో దించి, చివరికి మా ఇంటికి వచ్చేవాడు. మా అక్క అలిగేది. ఆయన తన రుమాలు కొస విప్పేవాడు. అన్నిటికంటే పెద్ద కలువలు అందులో విడిగా దాచిపెట్టి ఉండేవి.

చేపల సంగతి రాయకపోతే ఆయన నన్ను క్షమించడు. కొర్రమట్ట పులుసంటే ప్రాణం. మిరుగు నాడు, అంటే మృగశిర కార్తెకు, మా దగ్గర అందరూ చేప తినాల్సిందే. కానీ తొలివానలకు గుడ్లతో నిండిన చేపలు నీళ్లకు ఎదురెక్కుతాయి. అలుగు కింద, కాలువల్లో, చేతికి దొరికేంత దగ్గరగా. ఊరు ఊరంతా బుట్టలతో పరుగెత్తేది. నాయిన ఆ మూడు నాలుగు రోజులు చేప ముట్టేవాడు కాదు, మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. "పురుటికి పోయే ఆడమనిషిని పట్టుకుంటమా?" అనేవాడు. తర్వాత పరకలు, జెల్లలు ఎన్నయినా తెచ్చేవాడు. రుమాల్లో మూటగట్టి, ఇంకా కదులుతున్న చేపలతో పొద్దున్నే వచ్చే ఆయన వాసన, పచ్చి నాచు, బీడీ పొగ, తడి ఉన్ని కలిసిన ఆ వాసన, నాకు మరెక్కడా దొరకలేదు.

నన్ను హాస్టల్లో వేసినప్పుడు నెలకోసారి నడిచి వచ్చేవాడు. కాల్చిన ఎండుచేపలు తెచ్చి, నా గదిలో ఎంతమంది పిల్లలున్నారో లెక్కపెట్టి, అందరిలోకీ ఎవరికి చుట్టాలు రారో అడిగి, వాడికి మొదట పెట్టేవాడు.

తర్వాతదంతా తొందరగా అయిపోయింది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. మరుసటేడు మండలాలు వచ్చాయి. నీరటి, తలారి, సుంకరి, మస్కూరి అందరూ గ్రామ సేవకులయ్యారు. కాగితాలు మోయడం, కబుర్లు చెప్పడం పని. నాయిన కొన్నాళ్లు ఆ పనికి పోయాడు. పైకప్పు కింద బల్ల మీద కూర్చుంటే ఆయనకు ఊపిరాడేది కాదు. వెట్టి పోయింది, చాలా మంచిదయింది. దాని కోసం ఏడ్చేవాణ్ని కాను, నాయిన దోసిలి చూసినవాణ్ని. కానీ అదే రోజుల్లో బోర్లు వచ్చాయి. తలకాడి రైతుకు తన నీళ్లు తన మడిలోనే దొరికాక, కడ మడి ఊసు అతనికెందుకు? పంచేవాడి అవసరమే లేకుండా పోయింది. ఎవరి మోటారు వాళ్లది. అర ఎకరం వాళ్లకు బోరు వేసే స్తోమత లేదు. ముందు బీడుపడ్డది వాళ్ల మడులే, ముందు అమ్ముడుపోయిందీ వాళ్ల మడులే. ఫిరంగి నాలా మీద ఇళ్లు లేచాయి. శేరిగూడ, మంగళ్‌పల్లి దిక్కు ఇంజనీరింగ్ కాలేజీలు, బొంగుళూరు కాడ అవుటర్ రింగ్ రోడ్డు, దాని వెంట ప్లాట్లు. ఒకప్పుడు నాయిన తెల్లారుజామున నీళ్లు నడిపించిన కడ మడుల్లో రంగేసిన హద్దు రాళ్లు పాతారు.

ఆయన మాత్రం చివరిదాకా పొద్దున్నే కట్ట మీదికి పోయి వచ్చాడు. చెరువు నెర్రెలిచ్చి, అడుగున తుమ్మలు మొలిచిన ఏళ్లలో కూడా. నేను ఉద్యోగం నుంచి సెలవుకు వస్తే, ఏమీ లేదని తెలిసీ అడిగేవాడు, "ఎన్నో గీత?" అని. నేను పోయి చూసి వచ్చి, "ఒకటో గీత కూడ లేదు నాయినా" అనేవాణ్ని. చూడకుండా చెప్పిన రోజు ఒకటుంది. ఆయనకు తెలిసిపోయింది. ఏమీ అనలేదు, లేచి తానే పోయి చూసి వచ్చాడు. ఆయన పోయిన ఏడు కూడా చెరువులో నీళ్లు లేవు.

2022 వానలకు పెద్ద చెరువు నిండింది. దశాబ్దాల తర్వాత అలుగు దుంకింది. ఊరంతా చూడటానికి కదిలింది. బండ్లు, కార్లు, ఫోన్లు పట్టుకున్న పిల్లలు. చెల్లె తన మనవరాలిని ఎత్తుకుని, భుజాన ఇత్తడి చెంబు వేసుకుని వచ్చింది. ఆ రాత్రి జొరంతో కాలిన పసిది తనే. ఇప్పుడు నెత్తి నెరిసింది. ఇద్దరం తూము పక్కన మెట్ల దగ్గరికి పోయాం. పై నాలుగు మెట్లు తప్ప అన్నీ మునిగి ఉన్నాయి. గీతల రాయి ఎక్కడుందో కనిపించలేదు.

"ఎన్నో గీత అన్నా?" అని అడిగింది.

చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నీళ్లలోకి రెండు మెట్లు దిగాను. వంగి, భుజందాకా చేయి నీళ్లలో పెట్టి రాయి తడిమాను. పాచి పట్టి నున్నగా ఉంది. వేలికి ఒక గాడి తగిలింది. దాని కింద ఇంకొకటి. ఎన్నోదో తెలియాలంటే పైనుంచి లెక్కపెట్టాలి. మెల్లగా లెక్కపెట్టాను.